సకెర్ ఇగ్నిస్: పవిత్రాగ్నా, పాడు మంటా?

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. ఒక పద్యపాదం పది రోజులుగా నన్ను వదలడం లేదు. గత నెల మా నాన్నకు సర్పి వచ్చింది. వెన్ను దగ్గర ఎర్రగా మొదలై, ఎడమ పక్కగా బొడ్డు వైపు తిరిగింది. రాత్రిళ్లు చొక్కా అంచు తగిలినా ఉలిక్కిపడేవారు. పక్కింటి పిన్నిగారు వచ్చి "తలా తోకా కలవకుండా చూసుకోండమ్మా" అని ఒకటే టెన్షన్ పెట్టారు. మందు రాస్తూ కూర్చున్నప్పుడు ఎమ్మే రోజుల్లో చదివిన లాటిన్ పాదం ఒకటి మనసులో తిరగడం మొదలైంది. "పవిత్రాగ్ని పాములా పాకి, ముట్టిన అవయవాలను తినేసింది" అని దాని భావం. లాటిన్‌లో "సకెర్ ఇగ్నిస్", ఒంటి మీద మంటలా లేచే జబ్బుకు పేరు. రోమన్ కవి వర్జిల్‌దని నా గుర్తు. వ్యవసాయం మీద ఆయన రాసిన జార్జిక్స్ కావ్యం, మూడో పుస్తకం చివర, పశువుల తెగులు ఘట్టం. తీసి చూస్తే మంట ఉంది గానీ పాము లేదు. మరి పాము ఎక్కడిది? ఇంకో సంగతి. ఆ "పవిత్ర" అన్న మాట నాకు మింగుడు పడటం లేదు. మనిషిని తినే మంట పవిత్రం ఎలా అవుతుంది? దానికి సరైన తెలుగు మాట ఏది?

పాతపుస్తకం:
అమ్మా, మీకు రెండు పాదాలు కలిసిపోయాయి. మంట తినడం వర్జిల్‌ది. పాకడం ఆయనకు ముందటి రోమన్ కవి లుక్రీషియస్‌ది.

వర్జిల్ మూడో పుస్తకం ఆఖరి పాదం, 566: "తెంపొరె కొంతాక్తోస్ అర్తూస్ సకెర్ ఇగ్నిస్ ఎదేబత్". తెగులుతో చచ్చిన గొర్రెల ఉన్నితో నేసిన బట్ట ఎవరైనా కట్టుకుంటే ముందు మండే పొక్కులు, కంపుకొట్టే చెమట, ఆ తర్వాత ఎంతోకాలం పట్టకుండానే ఈ మంట. పుస్తకం అక్కడితో ఆగిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు.

లుక్రీషియస్ కావ్యం ఆరో పుస్తకం, 660: "ఎక్సిస్తిత్ సకెర్ ఇగ్నిస్ ఎత్ ఊరిత్ కొర్పొరె సెర్పేన్స్". మంట పుట్టి, ఒంటి మీద పాకుతూ కాలుస్తుంది. మీ పాము ఆ "సెర్పేన్స్"లో ఉంది. ఇది ఆయన ఏథెన్స్ మహమ్మారిని వర్ణించిన చోటు కూడా కాదు. ఎట్నా అగ్నిపర్వతం ఎందుకు రగులుతుందో చెబుతూ, మనిషి ఒంట్లో ఉన్నట్టుండి కాలు వాయదా, పన్ను పోటు రాదా, ఈ మంట లేవదా, అలాగే భూమికీ అని పోలిక తెచ్చాడు.

వర్జిల్ లుక్రీషియస్ నుంచి ఎక్కడెక్కడ తీసుకున్నాడో తర్వాతి కాలపు రచయిత మాక్రోబియస్ వరసగా చూపించాడు. ఈ తెగులు ఘట్టం అందులో ఉంది. కాబట్టి మీ జ్ఞాపకం తప్పు చేసిందని నేను అనను. వర్జిల్ చెవిలో కూడా ఆ రెండు పాదాలూ కలిసే మోగి ఉంటాయి.

లఘువు:
మాస్టారూ, "ఎదేబత్" దగ్గర నాకు చాలాకాలంగా ఒక అనుమానం. లాటిన్‌లో ఒకే రూపంతో రెండు క్రియలున్నాయి కదా. హ్రస్వ ఎకారంతో అయితే తినడం, దీర్ఘ ఏకారంతో అయితే వెలువరించడం, పుట్టించడం. రాతలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ముట్టిన అవయవాలను మంట తినేదా, లేక అవయవాల మీద మంట వెలువడేదా? ఆ ఒక్క అక్షరం మీద అర్థం మొత్తం మారుతుంది.

పాతపుస్తకం:
మీ పేరే మీకు జవాబు చెబుతోంది. పాదాన్ని విడగొట్టి చూడండి. ఐదో గణం "ఇగ్నిస్ ఎ". ఇగ్ గురువు, ని లఘువు, తర్వాతి అచ్చుతో కలిసి "సె" లఘువు. చక్కటి భగణం. దీర్ఘం పెడితే రగణం అవుతుంది. ఆ ఛందస్సులో రగణానికి చోటే లేదు. తినడమే.

లఘువు:
ఒప్పుకుంటున్నాను. అయితే కాలం సంగతి కూడా చూడాలి. అనువాదాల్లో కొందరు "తినేసింది" అంటారు. అది తప్పు. "ఎదేబత్" ఒక్కసారి జరిగి అయిపోయిన పని కాదు. ఎవరు ఆ బట్ట కట్టినా, కట్టినప్పుడల్లా అలాగే జరిగేది. మనకు దానికి అచ్చంగా సరిపోయే రూపం ఉంది, "తినేది". "మా తాత పొద్దున్నే లేచేవాడు" అంటామే, ఆ రూపం. ఇంగ్లీషు వాళ్లు తంటాలు పడే చోట తెలుగు ఒక్క మాటలో తీర్చేస్తుంది.

గోదారిగట్టు:
"పవిత్రాగ్ని" వద్దే వద్దు. సకెర్ అనే మాటలో పవిత్రత ఒక ముఖం మాత్రమే. రెండో ముఖం శాపం. ఈనీడ్ మూడో పుస్తకంలో వర్జిలే "ఔరీ సక్ర ఫామేస్" అన్నాడు. బంగారం మీద పాడు ఆకలి. "సక్ర" సకెర్‌కే ఇంకో రూపం. అక్కడ సర్వియస్ వ్యాఖ్యానం కూడా "శపించదగిన" అనే. రోమన్ల పాత 12 పట్టికల చట్టంలో, తనను నమ్ముకున్నవాణ్ని మోసం చేసిన యజమాని "సకెర్ ఎస్తో" అని శిక్ష. వాడు దేవతలకు వదిలేసినవాడు. వాణ్ని బలి ఇవ్వకూడదు, కానీ ఎవరైనా చంపితే హత్య కింద లెక్క రాదు. అందుకని నా ఓటు "శాపాగ్ని"కి.

చింతతోపు:
అన్నా, శాపం ఒక్కటే పట్టుకుంటే సగమే వస్తుంది. మనకు "ముట్టకూడనిది" అనే భావన ఉంది కదా. మడి కట్టుకున్న మనిషిని ముట్టకూడదు, మైలలో ఉన్న మనిషినీ ముట్టకూడదు. కారణాలు వేరు, ముట్టకపోవడం ఒకటే. సకెర్ అంటే ఆ గీత అవతల ఉన్నది. పక్కనే వర్జిల్ "కొంతాక్తోస్" పెట్టాడు చూడండి. ముట్టబడిన అవయవాలు. ముట్టకూడనిది ముట్టింది. పాదం అంతా ఆ రెండు మాటల మీద నిలబడి ఉంది.

మా చిత్తూరు వైపు సర్పి అనరు, అక్కి అంటారు. చిన్నప్పుడు మా మేనత్తకు వస్తే కుమ్మరి తాత వచ్చి ఎర్రమన్ను నీళ్లలో కలిపి, కోడి ఈకతో ఆమె వీపు మీద బొమ్మ గీశాడు. నేను దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాను. తడి మన్ను తగలగానే మేనత్త "అమ్మయ్య" అనింది. ఆ మాట ఇంకా చెవిలో ఉంది. "అక్కి రాయడం" అంటారు దాన్ని. వైద్యం అనరు, రాయడం అనే అంటారు.

నాడి:
నేను డాక్టర్ని. సర్పి గురించి రెండు మాటలు చెప్పాలి. ముందు వేపచెట్టు గారికి: తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్న భయం వదిలేయండి. సర్పి దాదాపు ఎప్పుడూ ఒక నరం దారి పట్టి ఒంటికి ఒక పక్కనే వస్తుంది, వెన్నుపూస గీత దాటదు. మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే మంచిది.

ఆ భయం మాత్రం మన ఒక్కరిదే కాదు. రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథం 26వ పుస్తకంలో సకెర్ ఇగ్నిస్ చాలా రకాలని చెప్పి, నడుము చుట్టూ తిరిగేదాన్ని "జోస్టర్" అంటారు, పూర్తిగా చుట్టేస్తే చంపుతుంది అని రాశాడు. జోస్టర్ అంటే గ్రీకులో నడికట్టు. మీ పక్కింటి పిన్నిగారు చెప్పిన మాటే, దాదాపు రెండు వేల ఏళ్ల కిందట. ఆ పేరునే మేం ఇప్పటికీ కేస్ షీట్‌లో రాస్తున్నాం.

వేపచెట్టు:
డాక్టరమ్మ గారూ, ఇది చదివి నాన్నకు కూడా వినిపించాను. చాలా ధైర్యం వచ్చింది. మందు రెండో రోజే మొదలైంది.

లఘువు:
ప్లినీ సంగతి బాగుంది. దానికి మించినది ఒకటి చెబుతాను. లాటిన్ సెర్పో, గ్రీకు హెర్పో, సంస్కృతం సృప్ ధాతువు, మూడూ అక్కచెల్లెళ్లు. పాకడం అనే ఒకే మూలం. అంటే డాక్టర్లు రాసే "హెర్పిస్", మన ఇంట్లో "సర్పి", చరకసంహితలో ఒక అధ్యాయమే ఉన్న "విసర్పం", లుక్రీషియస్ "సెర్పేన్స్", అన్నీ ఒక్క మాటకు పుట్టినవే. వర్జిల్ కూడా ఈ ఘట్టం మొదలయ్యే ముందే, 469వ పాదంలో, అంటు జనంలో "సెర్పంత్" అన్నాడు. పాకకముందే జబ్బు గొర్రెను కత్తికి ఇచ్చెయ్యమంటాడు. కాబట్టి ప్రశ్న అడిగినవారి పాము వర్జిల్‌లో అసలు లేదనడం సరికాదు మాస్టారూ. వంద పాదాల ముందు ఉంది.

పాతపుస్తకం:
97 పాదాల ముందు. ఉంది, కాదనను. కానీ అక్కడ పాకేది అంటు, మంట కాదు.

గోదారిగట్టు:
పాముల మాట వచ్చింది కాబట్టి రోమన్ కవి ఒవిడ్‌ని తలచుకోకుండా ఉండలేను. ఆయన "రూపాంతరాలు" కావ్యం ఏడో పుస్తకంలో ఈజినా ద్వీపం తెగులు. ఆ దీవికి తన సవతి పేరు పెట్టారని దేవతల రాజు జూపిటర్ భార్య జూనోకి కోపం. వేల పాములు పొలాల్లో తిరిగి, నదుల్లో విషం కలిపాయి. ముందు కుక్కలు, పక్షులు, గొర్రెలు, తర్వాత మనుషులు. ఊరు ఖాళీ అయ్యాక రాజు ఈకస్ ఓక్ చెట్టు మీద బారులు తీరిన చీమల్ని చూసి, ఇంతమంది జనాన్ని నాకు ఇవ్వమని జూపిటర్ని వేడుకుంటాడు. తెల్లారేసరికి చీమలు మనుషులై నిలబడతాయి. చివరి పుస్తకంలో మళ్లీ రోములో తెగులు, క్రీ.పూ. 291లో వైద్యదేవుడు ఎస్కులేపియస్ పాము రూపంలో ఓడ ఎక్కి వచ్చి టైబర్ నది లంకలో దిగుతాడు. ఏడో పుస్తకంలో పాము చంపింది, పదిహేనో పుస్తకంలో పాము బతికించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చింతతోపు:
అన్నా, మళ్లీ సకెర్ దగ్గరికి రండి. దేవత కోపం, దేవత దయ రెండూ ఒకే రోగంలో అంటే మాకు కొత్త కాదు. "ఒంట్లో బాగోలేదు" అనం, "అమ్మవారు పోసింది" అంటాం. పెద్దమ్మవారు, చిన్నమ్మవారు, ఆటలమ్మ. మారి అంటే చావు, మారెమ్మ అంటే తల్లి. 2020లో అందరూ పేపర్లలో "మహమ్మారి" అని రాసినప్పుడు ఆ మాటలో అమ్మ ఉన్న సంగతి ఎందరికి తోచిందో. నా మాట వింటే సకెర్ ఇగ్నిస్‌కి తెలుగు "తల్లిమంట". శాపం ఉంది, భక్తి ఉంది, ముట్టకూడని భయం ఉంది.

నాడి:
దీనికి నా వైపు నుంచి ఒక సాక్ష్యం ఉంది. ఆటలమ్మను తెచ్చే వైరస్, సర్పిని తెచ్చే వైరస్ వేరువేరు కావు. చిన్నప్పుడు ఆటలమ్మ పోశాక అది ఒంటిని విడిచి పోదు. నరాల మొదళ్లలో దాక్కుంటుంది. యాభై అరవై ఏళ్ల తర్వాత, మనిషి నీరసించినప్పుడు, ఒక నరం వెంట బయటికి వస్తుంది. వేపచెట్టు గారి నాన్నగారికి వచ్చింది ఆయన చిన్ననాటి అమ్మవారే. "తల్లిమంట" అన్న మాట సర్పికి ఇంత సరిగ్గా అతుకుతుందని నేను ఎన్నడూ ఆలోచించలేదు.

అయితే వర్జిల్ మంట సర్పి మాత్రం కాదు. గొర్రె ఉన్ని ముట్టుకుంటే సర్పి రాదు.

దాపటెద్దు:
అది దొమ్మ. ఇంతసేపు ఎవరూ అనలేదేమిటా అని చూస్తున్నాను. పశువుల దొమ్మరోగం, డాక్టర్లు ఆంత్రాక్స్ అనేది. ఉన్ని, తోలు ముట్టినవాళ్లకు చేతుల మీద పొక్కు లేచి నల్లగా మాడుతుంది. మా నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. దొమ్మతో చచ్చిన పశువును కొయ్యకూడదు, తోలు వలవకూడదు, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి అని ఊరూరా చెప్పి తిరిగేవారు. ఆ మట్టిలో అది ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. వర్జిల్ ఏమన్నాడు? తోళ్లు పనికిరావు. మాంసం నీళ్లతో కడిగినా పోదు, నిప్పుతో వండినా లొంగదు. ఉన్ని కత్తిరించడానికి లేదు, నేసిన బట్ట ముట్టడానికి లేదు. గోతులు తవ్వి మట్టిలో కప్పెట్టడం నేర్చుకునేదాకా కళేబరాలు గుట్టలు పడ్డాయి. అక్షరం అక్షరం మా నాన్న చెప్పినదే. పాఠం రాసినవాడు పల్లెటూరి మనిషి, చూసి రాశాడు.

పాతపుస్తకం:
బాబూ, మీరన్నది బలమైన వాదమే, చాలామంది పండితులు అదే అన్నారు. కానీ అదే ఘట్టంలో పందులకు దగ్గు, గుర్రం కాలితో నేల తవ్వుకుంటూ పడిపోవడం, కుక్కలకు పిచ్చి, సముద్రపు చేపలు ఒడ్డున పడటం, పాములు పుట్టల్లో చావడం, పక్షులు మబ్బుల కింద ప్రాణం వదిలి రాలడం కూడా ఉన్నాయి. ఒకే రోగం ఇవన్నీ చేయదు. నోరికమ్ కొండల్లో, టిమావస్ నది వైపు పొలాల్లో ఒకనాడు నిజంగా ఏదో తెగులు వచ్చి ఉండవచ్చు. ఆ పచ్చిక బయళ్లు ఇప్పటికీ ఖాళీగా పడి ఉన్నాయని కవి అంటాడు. కానీ చెయ్యి పట్టి నడిపించినది లుక్రీషియస్. లుక్రీషియస్‌ని నడిపించినది గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌లో తాను స్వయంగా పడి లేచిన జబ్బు గురించి రాసిన మనిషి. ఆయన చిన్న చిన్న పొక్కులు, పుండ్లు అని ఊరుకున్నాడు. దానికి "సకెర్ ఇగ్నిస్ ఒళ్లంతా పాకినట్టు" అన్న ఉపమానం తగిలించింది లుక్రీషియస్, 1167వ పాదంలో. వర్జిల్ ఆ ఉపమానాన్ని తీసుకుని నిజం చేశాడు. లుక్రీషియస్‌లో "మంటలా" ఉన్నది, వర్జిల్‌లో మంటే అయింది.

దాపటెద్దు:
కావచ్చు మాస్టారూ. పుస్తకం చూసి రాసినా, ఆ ఎద్దు దగ్గర మాత్రం చూసే రాశాడు. నేను దాని గురించి చెప్పకుండా పోలేను. నాగలి కింద పొగలు కక్కుతున్న ఎద్దు కూలబడి, నురగతో నెత్తురు కక్కి, ఆఖరి మూలుగు మూలుగుతుంది. వాక్యం అక్కడ ఆగుతుంది, పాదం మధ్యలో. తర్వాత ఒకే అక్షరం, "ఇత్". నడిచాడు. "ఇత్ త్రిస్తిస్ అరాతొర్". దిగులుపడ్డ రైతు నడిచి వెళ్లి, అన్న చావుకు ఏడుస్తున్న రెండో ఎద్దును కాడి నుంచి విప్పుతాడు. నాగలి చాలు మధ్యలో దిగబడి అలాగే ఉండిపోతుంది.

"ఫ్రాతెర్న మోర్తె" అన్నాడు. సోదరుడి చావు. ఒక తల్లి బిడ్డలని కాదు, ఒక కాడి కింద బతికినవాళ్లని. కాడికి ఎడమ పక్క కట్టిన దాపటి ఎద్దు పోతే కుడి పక్క వెలపటి ఎద్దు మేత ముట్టదు. మా ఇంట్లో ఒకటి పాము కరిచి పోయింది. రెండోదాన్ని వేరే ఎద్దుతో జత కట్టాలని నాన్న ఎంత ప్రయత్నించినా అది ఎడమ పక్కకు తిరిగి చూస్తూ నిలబడేది. చివరికి దాన్ని ఇంటి దగ్గరే కట్టేసి మేపారు, పనికి కట్టలేదు. అందుకే ఇక్కడ నా పేరు ఇది.

వేపచెట్టు:
అన్నయ్యా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

లఘువు:
ఆ "ఇత్" మనకు తేవడం చాలా కష్టం. మన క్రియ వాక్యం చివర పడుతుంది. అక్కడ క్రియ ముందే పడి, మనిషి తర్వాత కనిపిస్తాడు. "నడిచాడు, దిగులుగా, రైతు" అంటే కృతకంగా ఉంటుంది. పాదం విరిచి, కొత్త పాదం మొదట్లో "లేచి" అని పెడితే కొంత వస్తుందేమో.

చింతతోపు గారి "తల్లిమంట" నాకు నచ్చింది. తేటగీతిలో పెట్టి చూశాను:

తాకినంతనె యంగాలఁ దల్లిమంట
తినుచు సాగెను నడుముపై తిరుగు పాము

పాతపుస్తకం:
నడక బాగుంది, యతులు కుదిరాయి. భావంలో రెండు లోపాలు. "తాకినంతనె" అని వర్జిల్ అనలేదు. కొద్ది కాలం పట్టింది. బట్ట కట్టాడు, పొక్కులు వచ్చాయి, చెమట పట్టింది, అప్పుడు మంట. ఆ కొంచెం వ్యవధిలోనే భయం ఉంది. రెండోది, పాము మళ్లీ వచ్చింది. ఆ పాము లుక్రీషియస్‌ది, నడుము ప్లినీది. ముగ్గురినీ ఒక పద్యంలో కూర్చోబెట్టారు.

లఘువు:
మొదటిది సవరిస్తాను:

తాకినట్టి యంగములను దల్లిమంట

"తాకినట్టి" అన్నప్పుడు మన వ్యాకరణం ఒక మేలు చేస్తుంది. అవయవాలు బట్టను తాకాయా, బట్ట అవయవాలను తాకిందా, రెండూ వస్తాయి. "తాకబడిన" అని రాసి పాడు చేయనక్కర లేదు. "కొంతాక్తోస్"కి ఇంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. రెండో పాదంలో పాము తీసేస్తే ఖాళీ మిగిలింది. ఎవరైనా పూరించండి.

గోదారిగట్టు:
"తల్లిమంట" మీద నా అభ్యంతరం ఇంకా తీరలేదు. ఆ మాటలో ఆదరణ ఉంది. మన అమ్మవారికి వేపాకు కడతాం, చల్ల పోస్తాం, చల్లబడమని బతిమాలతాం. ఆమె చల్లబడుతుంది. వర్జిల్ ఘట్టంలో దేవతలెవరూ పలకరు. బలిపీఠం దగ్గర నిలబడ్డ పశువు, మెడలో ఉన్ని తోరం కడుతూ ఉండగానే, కత్తి పడకముందే కుప్పకూలుతుంది. కత్తికి నెత్తురు సరిగ్గా అంటదు. జూనో రథానికి కట్టడానికి ఎద్దులు దొరక్క, జత కుదరని అడవి దున్నల్ని కడతారు. మనుషులు గోళ్లతో నేల తవ్వి గింజలు నాటుతారు, కొండల మీద కిర్రుమనే బండ్లను తమ మెడలతోనే లాగుతారు. ఇంత జరిగాక వచ్చే మంటను తల్లి అనడానికి నాకు నోరు రాదు. అది దిక్కులేని మంట.

చింతతోపు:
అన్నా, మీరు చెప్పిన జూనో ఎద్దుల దగ్గర వర్జిల్ వాడిన మాట ఏమిటి? "అద్ సక్ర". పూజలకు. 532వ పాదం. సరిగ్గా 34 పాదాల తర్వాత అదే మాట మంట పక్కన వచ్చి కూర్చుంది. పూజకు పశువు దొరకలేదు, సకెర్ మాత్రం మనిషి ఒంటి మీదికి వచ్చింది. ఇది ఊరికే జరిగిందంటే నేను నమ్మను. తల్లికి బలి అందలేదు, ఆమే వచ్చి తీసుకుంది. మా వైపు జాతర తప్పిపోయిన ఏడు పెద్దవాళ్లు ఇలాగే మాట్లాడతారు.

గోదారిగట్టు:
జాతర అంటే గుర్తొచ్చింది. క్రీ.పూ. 364లో రోములో తెగులు ఎంతకీ తగ్గకపోతే దేవతల కోపం చల్లార్చడానికని ఎట్రూరియా నుంచి ఆటగాళ్లను పిలిపించి నాట్యం ఆడించారు. రోములో రంగస్థలం అలా మొదలైందని రోమన్ చరిత్రకారుడు లివీ ఏడో పుస్తకంలో ఉంది. సికింద్రాబాద్ బోనాలకు 1813 నాటి కలరా మొక్కును కారణంగా చెప్పుకుంటారు కదా, ఆ కథ విన్నప్పుడల్లా నాకు లివీ గుర్తొస్తాడు. కానీ లివీ అక్కడ ఆగలేదు. ఆటలతో భయమూ తగ్గలేదు, రోగమూ తగ్గలేదు, పైగా ఆట మధ్యలో టైబర్ పొంగి మైదానం మునిగిందని కూడా రాశాడు. నా మాట కూడా అదే. అక్కడ చల్లబడే తల్లి లేదు.

పాతపుస్తకం:
ఇద్దరికీ ఒక మాట. సకెర్‌లో ఇంత బరువు వెతికే ముందు లుక్రీషియస్ ఎవరో గుర్తు చేసుకోండి. దేవతలకు మన జోలి పట్టదని ఆరు పుస్తకాలు రాసిన మనిషి. జూపిటర్ పిడుగు వేసేది నిజమైతే తన గుళ్ల మీదే ఎందుకు వేసుకుంటాడని అడిగినవాడు. ఏథెన్స్ మహమ్మారిలో దేవతల ఆలయాలన్నీ శవాలతో నిండిపోయాయి, ఆ బాధ ముందు దేవుళ్లకు విలువ లేకపోయింది అని రాసినవాడు. ఆయన "సకెర్ ఇగ్నిస్" అన్నాడంటే, అది అప్పటికే ఒట్టి జబ్బు పేరు. సెల్సస్ వైద్యగ్రంథంలో చెడ్డ పుండ్ల వరసలో దాన్ని పెట్టి, రెండు రకాలని చెప్పి, చికిత్స రాశాడు. దేవుణ్ని నమ్మని మనిషి కూడా మన ఇళ్లలో "పాపకు అమ్మవారు పోసింది" అనే అంటాడు. ఆ మాట అన్నంత మాత్రాన భక్తుడు అయిపోడు. అందుకే నేను "సర్పి" అనో "అక్కి" అనో ఇంటి మాట పెట్టి ఊరుకోవాలంటాను.

చింతతోపు:
లుక్రీషియస్ విషయంలో ఒప్పుకుంటాను మాస్టారూ. వర్జిల్ విషయంలో ఒప్పుకోలేను. పుస్తకం చివరి పాదంలో పెట్టిన మాట ఒట్టి పేరు కాదు.

దాపటెద్దు:
అక్కి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. అక్కి, అగ్గి ఒకటేనా? అగ్ని ప్రాకృతంలో అగ్గి అయింది, మన నోట్లోనూ అగ్గి అయింది. అగ్గిపెట్టె, అగ్గిపుల్ల. ఒంటి మీద లేచే అగ్గిని అక్కి అని ఉంటే, మనకు ఇగ్నిస్‌కి సరైన మాట ఎప్పటినుంచో ఉన్నట్టే.

లఘువు:
ఆశగా ఉంది గానీ అంత తేలిగ్గా తేల్చలేం. గ్గ క్క కావడం మన దగ్గర సామాన్యంగా జరగదు. తమిళులూ అక్కి అనే అంటారు. అక్కడినుంచి చిత్తూరుకు వచ్చిందా, ఇక్కడినుంచి వెళ్లిందా అన్నది వేరే చర్చ.

చింతతోపు:
మాది చిత్తూరు జిల్లా కాబట్టి అంతా తమిళం నుంచే వచ్చిందని తేల్చేయకండి. నెల్లూరు వైపూ అక్కి అంటారు. తమిళంలో క్క అని రాసినంత మాత్రాన అది మొదట్లో గ్గ కాదని ఎలా చెబుతారు? వాళ్ల లిపిలో రెంటికీ ఒకే అక్షరం కదా.

లఘువు:
లిపిలో ఒకటే. కానీ ద్విత్వాన్ని వాళ్లు పలికేది క్క అనే. దీని మీద విడిగా చర్చ పెట్టండి, వస్తాను.

వేపచెట్టు:
అందరికీ దండాలు. నేను అడిగింది ఒక పాదం, మీరు ఇచ్చింది ఒక పుస్తకమంత. నాన్నకు పొక్కులు ఎండాయి, నొప్పి ఇంకా ఉంది. ఆయన తెలుగు పండితులుగా రిటైరయ్యారు. నిన్న రాత్రి లఘువు గారి పాదం, మాస్టారి సవరణ, "తినేది" మీద చర్చ, అన్నీ చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. చివర్లో "తినేది అనకండమ్మా. నన్నది తినలేదు. కాల్చింది. నిప్పుకణిక పెట్టి ఒక్కో వేలి వెడల్పు జరుపుకుంటూ పోయినట్టు" అన్నారు. వేలితో నడుము మీద ఆ దారి చూపించారు.

పాతపుస్తకం:
"ఊరిత్". లుక్రీషియస్ వాడింది ఆ క్రియే. కాలుస్తుంది అని, పాకుతూ అని. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. వర్జిల్ "తినేది" ఎందుకు పెట్టాడో ఇప్పుడు మళ్లీ చూడాలి.

దాపటెద్దు:
దొమ్మ తింటుంది మాస్టారూ. పొక్కు నడుమ కండ నల్లబడి గుంట పడుతుంది. నాన్న చేతి మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది.